కాలేజీలో పాత నిద్రగన్నేరు చెట్లు పైనుంచి ఎండుతున్నాయి, ఏం చేయాలి?

వేళచ్చేరి వాసి:
చెన్నైలో ఒక కాలేజీలో పని చేస్తున్నాను. గేటు నుంచి లైబ్రరీ దాకా రెండు పక్కలా పెద్ద నిద్రగన్నేర్లు. రెండేళ్ల కిందట బైక్ పార్కింగ్ కోసం మొదళ్ల దాకా పేవర్ బ్లాకులు పరిచేశారు. అప్పట్నుంచి చిటారు కొమ్మలు ఎండుతున్నాయి, ఆకు పలచబడింది. యూరియా వేద్దామని కొందరు, వానాకాలంలోపు సగానికి కొట్టించేద్దామని కొందరు. ఎవరి మాట వినాలి?

తోటరాముడు:
ఎవరిదీ వినకండి 😀 వేళ్లకి గాలి ఆడట్లేదు, యూరియా ఏం చేస్తుంది? నీళ్లు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. అంటే ఇప్పుడు వాటి నెత్తిమీదే బైకులు పెడుతున్నారు. ముందు బ్లాకులు తీయించండి, జేసీబీతో కాదు, మనుషులతో. చుట్టూ ఒక మీటరు వదిలితే చాలంటాడు కాంట్రాక్టరు, 2013లో ఎన్‌జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) ఢిల్లీ చెట్లకి చెప్పింది కూడా అంతే, కానీ ఇంత మానుకి అదేం సరిపోతుందండీ, వీలైనంత తీయించండి. తర్వాత మొదలుకి కాస్త ఎడంగా గునపంతో రెండేసి అడుగులకొకటి అడుగు లోతు గుంతలు వేసి కంపోస్టు నింపండి, లావు వేరు తగిలితే పక్కకి జరగండి. పైన రాలిన ఆకులే మూడు నాలుగు అంగుళాలు పరవండి, మానుకి ఆనకుండా. ఊడ్చేవాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే పొద్దున్నే ఊడ్చి తగలబెట్టేస్తారు.

శ్రీలక్ష్మి_అడయార్:
సగానికి కొట్టడం మాత్రం వద్దే వద్దు. అసలే నీరసంగా ఉన్న చెట్టుకి తిండి తయారుచేసే ఆకే లేకుండా పోతుంది, పైగా కొట్టిన చోట గుత్తులుగా లేచే కొమ్మలకి పట్టుండదు, గాలికి అవే ముందు విరుగుతాయి. ఎండినవే తీయించండి, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని వదిలేసి కోయాలి. కోసిన చోట తారు పూయడం, తొర్రలో సిమెంటు పోయడం లాంటివి చేయనివ్వకండి.

గోదారి కుర్రోడు:
2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉన్నా, పచ్చగా ఉన్న చెట్లు కూడా వేళ్లతో సహా పడిపోయాయి. కాబట్టి పైన ఆకు చూసి ధైర్యపడొద్దు అన్నా, మొదలు చుట్టూ చూడు. గోధుమ రంగులో చెక్కలా గట్టిగా, అంచు తెల్లగా ఉన్న పుట్టగొడుగులేమైనా ఉన్నాయా? మా వైపు కొబ్బరి రైతుల్ని ఏడిపించే గానోడెర్మా జాతే కావచ్చు, అదైతే లోపల వేరు కుళ్లుతున్నట్టే.

వేళచ్చేరి వాసి:
ఇప్పుడే వెళ్లి చూశాను, లైబ్రరీ పక్క చెట్టుకి అచ్చం అలాంటివే రెండున్నాయి. టెన్షన్‌గా ఉంది.

గోదారి కుర్రోడు:
దాని కింద బైకులు ఈరోజే తీయించు, తాడు కట్టి ఎవర్నీ అటు రానివ్వకు. చెట్ల డాక్టర్ చూసేదాకా ఆ ఒక్కదాని జోలికి వెళ్లకండి, మిగతావాటికి బ్లాకులు తీసే పని మొదలుపెట్టండి.