ఎండలు దండిగా కాసే ఊళ్లో ఇంటి సోలార్: నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందా?

మేడమీద:
మా ఊళ్లో ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండే. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని కొటేషన్ తీసుకున్నాను. పెట్టిన డబ్బు నాలుగేళ్లలో వచ్చేస్తుందని, ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు కరెంటు ఉచితమని అమ్మేవాళ్లు అంటున్నారు. అదే కాగితం మా బావగారికి చూపిస్తే, ఏడెనిమిదేళ్లకు ముందు రాదు పొమ్మన్నారు. ఇల్లు ఒకటే, ఎండ ఒకటే. లెక్కలో ఇంత తేడా ఎలా వస్తుంది? పగలు ఇంట్లో ఎవరం ఉండం. ఏసీలు వేసేది రాత్రిపూటే.

లెక్కలమాస్టారు:
మీరు చివర్లో రాసిన ఆ రెండు ముక్కలే అసలు విషయమండీ.

ఎండ బాగా ఉన్నచోట 1 కిలోవాట్ ప్యానెళ్లకు ఏడాదికి సుమారు 1,500 యూనిట్లు వస్తాయి. మీ 3 కిలోవాట్లకు 4,500. ఇంతవరకు అమ్మేవాళ్లు చెప్పింది నిజమే. ఆ తర్వాత వాళ్లు ఈ 4,500 యూనిట్లనూ మీరు కరెంటు కొనే రేటుతో గుణించేస్తారు. పేచీ అక్కడే. పగలు ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏమీ నడవకపోతే, తయారైన దాంట్లో సగానికి పైగా లైన్లోకి వెళ్లిపోతుంది. ఇచ్చిన యూనిట్‌కు బదులుగా యూనిట్ తగ్గించే నెట్ మీటరింగ్ మీ దగ్గర ఉంటే వాళ్ల లెక్క చాలావరకు నిలబడుతుంది. అలా కాకుండా, మీరు అమ్మే యూనిట్‌కు తక్కువ రేటు కట్టే నెట్ బిల్లింగ్ అయితే కథ మారిపోతుంది.

ఒక ఉదాహరణ. 60 శాతం కరెంటు బయటికి పోతోందని, దానికి కొనే రేటులో మూడో వంతే ఇస్తారని అనుకోండి. ఇంట్లో వాడుకున్న 1,800 యూనిట్లకు పూర్తి ఆదా. బయటికి పోయిన 2,700 యూనిట్లకు చేతికొచ్చేది 900 యూనిట్ల విలువ. మొత్తం ఏడాదికి 2,700. అమ్మేవాళ్ల నాలుగేళ్ల లెక్క ప్రకారం మీ పెట్టుబడి 18,000 యూనిట్ల (ఏడాదికి 4,500 చొప్పున నాలుగేళ్లు) విలువ. దాన్ని 2,700తో భాగిస్తే ఆరేళ్ల ఎనిమిది నెలలు. నెలనెలా కట్టే స్థిర ఛార్జీ సోలార్ పెట్టినా పోదు. వాడకం తగ్గి బిల్లులో పై స్లాబు నుంచి కింది స్లాబుకు దిగాక, ఆదా అయ్యే ప్రతి యూనిట్ విలువా తక్కువే. ఇవన్నీ కలిపితే మీ బావగారు చెప్పిన చోటికే వస్తాం.

తర్వాత అంతా ఉచితం అన్నది కూడా నమ్మకండి. ప్యానెళ్లు పాతికేళ్లు నడిచినా, వాటి కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను మామూలుగా పది పదిహేనేళ్లకు ఒకసారి మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చు కొటేషన్‌లో కనబడదు.

పచ్చజెండా:
మాస్టారూ, కరెంటు రేట్లు ఇలాగే ఉండిపోతాయన్నట్టు లెక్కేశారు. రేటు పెరిగిన ప్రతిసారీ ఆదా పెరుగుతుంది కదా! మీరన్నట్టు ఏడేళ్లే పట్టిందనుకుందాం. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ఏడాదికి అర శాతం చొప్పున ఉత్పత్తి తగ్గినా, చివర్లో కూడా 88 శాతం దాకా ఇస్తూనే ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లాభాన్ని పక్కనపెట్టి మొదటి ఏడేళ్ల గురించే మాట్లాడితే ఎవరు ముందుకొస్తారు? పైగా ప్యానెళ్ల నీడ పడి శ్లాబు అంత కాగదు, కింద గదికి వేడి తగ్గుతుంది. అది ఏ లెక్కలోకీ రాదు.

లెక్కలమాస్టారు:
నేను వద్దనడం లేదండీ. పాతికేళ్ల మాట తీసుకుంటే లాభమే, అందులో సందేహం లేదు. కానీ కొనే రేటు పెరిగితే అమ్మే రేటు కూడా పెరుగుతుందని ఎవరు రాసిచ్చారు? అమెరికాలో నెవాడా రాష్ట్రం చూడండి. ఎండకు ఏ లోటూ లేని చోటు. 2015 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ సోలార్ ఇళ్లకు స్థిర ఛార్జీ పెంచి, అమ్మే యూనిట్ విలువ తగ్గించింది. అప్పటికే పెట్టించుకున్న వాళ్లకూ అదే వర్తిస్తుందంది. పెద్ద గొడవయ్యాక పాతవాళ్లకు ఊరట ఇచ్చారు, 2017లో చట్టమే మార్చారు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా దరఖాస్తు చేసినవాళ్లకు అమ్మే యూనిట్ విలువ సగటున నాలుగింట మూడు వంతులు పడిపోయింది. రెండు చోట్లా ఎండ తగ్గలేదు, మారింది మీటరు నిబంధన. ఒప్పందంలో అమ్మే రేటు ఎన్నేళ్లకు ఖాయమో రాసి ఉందా? నేనైతే అది చూడకుండా సంతకం పెట్టను.

కరెంటుపని:
ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనేది సగమే నిజం. ప్యానెల్ మీద రాసే వాట్లు లోపలి సెల్ (ఎండను కరెంటుగా మార్చే పలక) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. 40 డిగ్రీల మధ్యాహ్నం సెల్ 65 దాటిపోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుందనుకున్నా 14 శాతం అక్కడే పోయింది. ఎండ బాగా ఉండి గాలి చల్లగా ఉన్న రోజున మండే వేసవి కంటే మంచి ఉత్పత్తి కనబడుతుంది. అందుకే ప్యానెళ్లను శ్లాబుకు అంటించినట్టు పెట్టొద్దు, కింద గాలి ఆడాలి.

వేడి కంటే నష్టం నీడతో. మామూలు ప్యానెల్లో సెల్స్ మూడు వరసలుగా ఉంటాయి, ఒక్కో వరసకు ఒక బైపాస్ డయోడ్, అంటే నీడ పడిన వరసను తప్పించి కరెంటును పక్క దారిన పంపేది. ఒక్క సెల్ మీద నీళ్ల ట్యాంకు నీడ పడినా ఆ వరస మొత్తం పక్కకు పోతుంది, అంటే ప్యానెల్లో మూడో వంతు. కొటేషన్ ఇచ్చేవాళ్లు వేసవి మధ్యాహ్నం వచ్చి చూస్తారు, అప్పుడు నీడ పొట్టిగా ఉంటుంది. చలికాలం సాయంత్రం అదే ట్యాంకు నీడ మేడ సగం దాకా సాగుతుంది. మేడమీద గారూ, మీ ట్యాంకు ఏ వైపు ఉంది?

దుమ్ము సంగతి కూడా చూసుకోండి. ఎండలుండే ఊళ్లో వాన ఉండదు, అంటే కడిగే దిక్కు మీరే. తెల్లవారుజామున కడగండి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్లు కొట్టొద్దు.

అద్దెల్లు:
అందరూ మేడ ఉన్నవాళ్ల ఆదా గురించే మాట్లాడుతున్నారు. మేడ లేని మాలాంటి వాళ్ల సంగతేంటి? రాత్రికి మీరు వాడుకునేది ఆ వైర్లనే, ఆ ట్రాన్స్‌ఫార్మర్లనే. మీ బిల్లు సున్నా అయితే వాటి ఖర్చు ఎవరి మీద పడుతుంది? యూనిట్‌కు యూనిట్ ఇవ్వడం నా దృష్టిలో అన్యాయం.

పచ్చజెండా:
అది సగం మాటే. మధ్యాహ్నం మా ఇంటి కరెంటు పక్కింటికే వెళ్తుంది, దూరం నుంచి మోసుకొచ్చే నష్టం తగ్గుతుంది. దానికీ విలువ కట్టాలిగా.

అద్దెల్లు:
కట్టండి, కాదనను. కానీ ఆ విలువ మధ్యాహ్నం విలువ. రాత్రి ఎనిమిది గంటల యూనిట్‌కు, మధ్యాహ్నం రెండు గంటల యూనిట్‌కు ఒకటే ధర ఎలా అవుతుంది?

మేడమీద:
ట్యాంకు పడమర వైపు ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు ఇంతవరకు. ఇంకొక్కటి చెప్పండి, కరెంటు పోయినప్పుడు సోలార్ మీద ఫ్యాన్లయినా తిరుగుతాయి కదా?

కరెంటుపని:
తిరగవండీ. బ్యాటరీ లేని మామూలు వ్యవస్థ లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే మీ ఇంటి కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభం ఎక్కి మరమ్మతు చేసే మనిషి ప్రాణం తీస్తుంది. బ్యాటరీ, దాంతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. కరెంటు కోతలు లేని ఊళ్లో, నెట్ మీటరింగ్ ఉంటే బ్యాటరీకి డబ్బు పెట్టడం దండగ. అమ్మే రేటు బాగా తక్కువైన చోట మాత్రం దానికీ లెక్క వేసి చూడాలి.

లెక్కలమాస్టారు:
మేడమీద గారూ, మీ ఇంటికైతే నా మాట ఇదీ. మీ దగ్గర యూనిట్‌కు యూనిట్ ఇస్తుంటే 3 కిలోవాట్లకు వెళ్లండి. ఇవ్వకపోతే 2తో ఆగండి, చిన్నదైతే తయారైన దాంట్లో ఎక్కువ వాటా ఇంట్లోనే ఖర్చవుతుంది. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, గీజరు టైమర్ పెట్టి మధ్యాహ్నానికి మార్చండి. ఏసీని కూడా ఇంటికి వచ్చే గంట ముందు, ఎండ ఇంకా ఉండగానే వేసే వీలుంటే గది ముందే చల్లబడి రాత్రి భారం తగ్గుతుంది. సంతకం పెట్టేముందు వారం పాటు పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకు మీటరు రీడింగ్ రాసుకోండి. ఆ రెంటికీ మధ్య తేడాయే మీ పగటి వాడకం. ఆ అంకె ఇక్కడ పెడితే మీ కొటేషన్ మీద లెక్క మళ్లీ వేద్దాం.

పచ్చజెండా:
రీడింగ్ తీయండి, మంచిదే. కానీ ఒక్క వారం చాలదు, వేసవి వారం ఒకటి, చలికాలం వారం ఒకటి కావాలి. అప్పటిదాకా ఆగితే ఒక ఎండాకాలం ఉత్పత్తి పోయినట్టే. 2 కిలోవాట్లతో ఇప్పుడే మొదలుపెట్టి, తర్వాత పెంచుకునేలా ఇన్వర్టర్ తీసుకోమని నా సలహా. ట్యాంకు నీడ పడని వైపు మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి.