ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది సంక్రాంతి తర్వాత. ఈలోగా మిషను పనికి అద్దాలు ఎలా?

మల్కాజిగిరి టైలరమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 62 ఏళ్ళు. మల్కాజిగిరిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో చేస్తాను. మా ఆయన పోయాక పిల్లల చదువులు ఈ మిషను మీదే గడిచాయి. ఇప్పుడు కొడుకు సంపాదిస్తున్నాడు, మానెయ్యమ్మా అంటాడు. నాకు మానాలని లేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయన్నారు. వినాయక చవితి వెళ్ళాక కుడి కంటికి ఆపరేషన్ అయింది. దూరం చూపుకు సరిపోయే లెన్సు వేశారు. ఆ కన్ను ఇప్పుడు చాలా బాగుంది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నిలబడితే 10హెచ్ బస్సు బోర్డు అంత దూరం నుంచే చదివేస్తున్నాను. ఎడమ కంటికి సంక్రాంతి తర్వాత రమ్మన్నారు.

ఇబ్బందంతా ఈ మధ్యకాలంలోనే. కుడి కంటికి దగ్గరిది అసలు ఆనడం లేదు. సూది తెలుస్తుంది గానీ బెజ్జం కనపడదు. ఎడమ కన్ను దీనికి పూర్తిగా ఉల్టా. దూరం మసక, దగ్గర పెట్టుకుంటే మాత్రం అద్దాలు లేకుండానే దారం ఎక్కించగలను. దాంతో పని చేసేటప్పుడు తెలియకుండానే కుడి కన్ను మూసుకుంటున్నాను. ఒక్క కన్నుతో కుట్టు ఎక్కడ పడుతోందో లోతు తెలియడం లేదు. హుక్కులు కుట్టేటప్పుడు సూది వేలికి దిగుతోంది. 2023లో కంటి వెలుగులో ఇచ్చిన దగ్గరి అద్దాలతో ఇన్నాళ్ళూ హాయిగా కుట్టాను. ఇప్పుడు అవి పెట్టుకుంటే ఒక కంటికి సరిపోయి, రెండోదానికి తేడా కొట్టి, కాసేపటికే తల పట్టేస్తోంది.

ఇంకో విచిత్రం. దారం రంగు ఒక్కో కంటికి ఒక్కోలా ఉంది. తెల్ల దారం రీలు కుడి కంటితో చూస్తే సున్నంలా తెల్లగా ఉంది, ఎడమ కంటితో చూస్తే వెన్న రంగు. నల్లదీ, ముదురు నీలమూ పక్కపక్కన పెడితే ఎడమ కంటికి తేడానే లేదు. మ్యాచింగ్ సెంటర్‌లో లైనింగ్ గుడ్డ ఎంచాలంటే టెన్షన్‌గా ఉంది.

అద్దాల షాపులో అడిగితే ప్రోగ్రెసివ్ చేయించుకోండి, అన్నిటికీ ఒకటే జత సరిపోతుంది, 14 వేలు అన్నారు. డాక్టరు గారేమో రెండో కన్ను కూడా అయ్యాక ఫైనల్ చీటీ రాసిస్తామన్నారు. అప్పటిదాకా ఎలా? కార్తీకం, మార్గశిరం పెళ్ళిళ్ళ జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను. ఇప్పుడే ఆ ప్రోగ్రెసివ్ తీసుకోనా? పాత ఫ్రేములోనే అద్దాలు మార్పించుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కోఠి అద్దాలషాపు:

అక్కా, నమస్తే. కోఠిలో అద్దాల షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పనిలోనే నా తల నెరిసింది. అమ్మే మనిషిగా కాకుండా తమ్ముడిగా చెబుతున్నాను, ఇప్పుడు ప్రోగ్రెసివ్ వద్దు. రెండో కంటికి ఆపరేషన్ అవ్వగానే ఆ కంటి నంబరు పూర్తిగా మారిపోతుంది. 14 వేల జతలో ఎడమ అద్దం సంక్రాంతి దాటితే పనికిరాదు.

మీకు జరుగుతున్నదేమిటో చెబుతాను. ఆపరేషన్‌లో వేసే మామూలు లెన్సుకు ఒకటే దూరం. మీకు దూరానికి పెట్టారు కాబట్టి దగ్గరికి అద్దం తప్పదు. ఎడమ కంట్లో శుక్లం ఉంది కదా, కొన్ని రకాల శుక్లాల్లో మైనస్ నంబరు పెరుగుతూ పోతుంది. మైనస్ ఉన్నవాళ్ళకు దగ్గరిది అద్దాల్లేకుండా కనపడుతుంది. చాలామంది పెద్దవాళ్ళు నాకు చత్వారం పోయింది, పేపరు ఉత్తినే చదువుతున్నాను అని సంబరపడుతూ షాపుకొస్తారు. వాళ్ళను పరీక్షకు పంపితే సాధారణంగా శుక్లం బయటపడుతుంది. రంగుల తేడా కూడా అందుకే. శుక్లం పట్టిన లెన్సు పసుపు తిరుగుతుంది, నీలం వెలుతురును సరిగ్గా లోపలికి రానివ్వదు. రంగులు ఎంచేటప్పుడు కుడి కన్ను మాట నమ్మండి, వీలైతే రీలు గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతుర్లో చూడండి.

పని మాటకొస్తే, మీకు కావలసింది మిషను కోసం ఒక మామూలు సింగిల్ విజన్ జత. ఒకటే నంబరు, అద్దమంతా పనికొస్తుంది. టేపు మీ మెడలోనే ఉంటుంది కదా, మిషను ముందు ఎప్పుడూ కూర్చునేలా కూర్చుని, కంటి దగ్గర నుంచి సూది దాకా ఎన్ని అంగుళాలో కొలిపించుకోండి. హుక్కులు, హెమ్మింగు ఒళ్ళో పెట్టుకుని చేసేటప్పుడు ఎంతో అదీ కొలవండి. దూరానికి నంబరు లేని కంటికి ప్లస్ 2.50 పెడితే 16 అంగుళాల దగ్గర స్పష్టంగా ఉంటుంది. ప్లస్ 2 అయితే 20 అంగుళాలు. ప్లస్ 3 అయితే 13 అంగుళాలే. కంటి పరీక్ష చేసేవాళ్ళు మామూలుగా పేపరు చదివే దూరానికి నంబరు ఇస్తారు. మీరు అంగుళాలు చెబితే దానికి తగ్గట్టు ఇస్తారు.

మీ లెక్క చూస్తే కుడి కంటికి ప్లస్ పడి, ఎడమ కంటికి దాదాపు సాదా అద్దమే రావచ్చు. అయితే రెండు కళ్ళకూ అంత తేడా ఉన్న అద్దాలు కొందరికి పడవు, ఒక బొమ్మ పెద్దగా, ఒకటి చిన్నగా అనిపించి తల తిరుగుతుంది. కాబట్టి పరీక్షకు వెళ్ళినప్పుడు సూది, దారం, ఒక ముదురు రంగు గుడ్డముక్క సంచిలో వేసుకు వెళ్ళండి. ట్రయల్ ఫ్రేములో నంబర్లు పెట్టించుకుని అక్కడే బెంచీ మీద కూర్చుని కాసేపు కుట్టి చూడండి. పడితేనే చేయించండి. మొహమాటపడకండి, అది మీ హక్కు.

పాత ఫ్రేము వంకర పోకుండా, మరలు గట్టిగా ఉంటే నిక్షేపంగా అందులోనే కొత్త లెన్సులు బిగించవచ్చు. సాదా ప్లాస్టిక్ లెన్సులైతే ఖర్చు వందల్లోనే అయిపోతుంది. ఒక్క మాట, ఫుట్‌పాత్ మీద రెడీమేడ్ అద్దాలు మాత్రం ఇప్పుడు కొనకండి. వాటిలో రెండు వైపులా ఒకటే నంబరు, మీ రెండు కళ్ళూ ఇప్పుడు ఒకలా లేవు.

ఉప్పల్ రిటైర్డ్ కండక్టర్:

చెల్లెమ్మా, నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ప్రోగ్రెసివ్ గురించి నా అనుభవం చెబుతాను, తర్వాత మీకు పనికొస్తుంది.

నాకు షుగరు ఉంది. మొదట షుగరు బాగా ఎక్కువున్న రోజుల్లో నంబరు చూపించుకుని అద్దాలు చేయించాను. మందులు మారి షుగరు దిగాక ఆ అద్దాలతో అన్నీ మసక. రక్తంలో చక్కెర ఎక్కువ తక్కువలైతే కంట్లో లెన్సు ఉబ్బి నంబరు తాత్కాలికంగా మారుతుందని అప్పుడు డాక్టరు వివరించారు. షుగరు కుదురుకుని కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే నంబరు తీయించుకోవాలట. మీకు షుగరు ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి.

తర్వాత ప్రోగ్రెసివ్ తీసుకున్నాను. అద్దంలో పైన దూరం, మధ్యలో మధ్యదూరం, కింద దగ్గర. పక్కలకు చూస్తే అలుక్కుపోయినట్టు ఉంటుంది, అది ఆ లెన్సు స్వభావం. మెట్లు దిగేటప్పుడు కళ్ళు కిందికి దించితే చదివే భాగంలోంచి చూస్తాం, మెట్టు మసకగా, దగ్గరగా కనపడుతుంది. ఉప్పల్ మెట్రో మెట్ల మీద రెయిలింగు వదలకుండా, గడ్డం వంచి, తలతో సహా కిందికి చూసి దిగడం అలవాటు చేసుకున్నాను.

అలవాటు పడతారు అని షాపువాళ్ళు చెప్పారు గానీ ఎన్ని రోజులైనా నాకు పేపరు చదవాలంటే తల బాగా పైకెత్తాల్సి వచ్చేది, మెడ నొప్పి. గట్టిగా అడిగితే అద్దం మీద చుక్కలు పెట్టి చూశారు. నా కనుపాప ఉండాల్సిన చోటుకి లెన్సు గుర్తు చాలా కిందికి ఉంది. కొలత తప్పు. మళ్ళీ చేసిచ్చాక ఇప్పుడు బాగున్నాయి. ఆ షాపు పేరెందుకు గానీ, ఎవరైనా సరే ప్రోగ్రెసివ్ తీసుకుంటే ఫ్రేము ఎంచుకున్నాక, అది మొహానికి పెట్టి కనుపాప ఎత్తు గుర్తు పెట్టారో లేదో చూసుకోండి. కూర్చోబెట్టి, తిన్నగా చూడమని గుర్తు పెట్టాలి.

మీలా కూర్చుని కుట్టే పనికి నా ఓటు కూడా వేరే జతకే. చదివే భాగం ఇరుకుగా ఉంటుంది, జాకెట్టు పొడుగూతా చూపు నడపాలంటే తల తిప్పుతూనే ఉండాలి.

కంటి వార్డు సిస్టర్:

అమ్మా, కోఠి అన్న చెప్పినదంతా నిజం. నావి రెండు మాటలు.

మీ ఆపరేషన్ అయి నెలన్నర దాటింది కాబట్టి ఆ కంటి నంబరు సాధారణంగా కుదురుకునే ఉంటుంది. అయినా ఆపరేషన్ చేసిన చోటే పరీక్ష చేయించుకుని, మధ్యకాలానికి పని అద్దాలు కావాలి అని అడగండి. ఈ మాట చాలామంది అడగరు, రెండో కన్ను అయ్యేదాకా సర్దుకుపోతారు. నిజంగా పని ఆగిపోయేంత ఇబ్బంది ఉందంటే రెండో ఆపరేషన్ ముందుకు జరపడం కుదురుతుందేమో కూడా చూస్తారు. వేలికి సూది గుచ్చుకుంటోందని తప్పకుండా చెప్పండి. చీటీలో నంబరు కంటే మీ ఇబ్బంది వాళ్ళకు ఎక్కువ చెబుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు తగ్గుతున్నా, మెరుపుల్లాంటివి కనపడినా, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. అదే రోజు వెళ్ళాలి. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టలేనివాళ్ళకూ చూస్తారు. అలా కాకుండా కొన్ని నెలలకో ఏళ్ళకో నొప్పీ ఎరుపూ లేకుండా మెల్లగా మంచు కమ్మినట్టయితే శుక్లం మళ్ళీ వచ్చిందని భయపడొద్దు. వేసిన లెన్సు వెనక పొర మసకబారుతుంది, లేజరుతో కొద్ది నిమిషాల్లో తొలగిస్తారు.

మీ ఇంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళెవరైనా ఉంటే డాక్టరుకు చెప్పండి, మీ అబ్బాయికి కూడా పరీక్ష చేయించండి. అది నొప్పి లేకుండా పక్క చూపును తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఇంకో మాట, కంట్లో మందు వేసి నరం చూసే రోజు ఒంటరిగా వెళ్ళకండి. కొన్ని గంటలు దగ్గరి చూపు మసక, ఎండ భరించలేరు.

మల్కాజిగిరి టైలరమ్మ:

తమ్ముడికీ, అన్నయ్యకూ, సిస్టర్‌కూ నమస్కారాలు. మా కోడలు టేపుతో కొలిచింది. మిషను సూది దాకా 18 అంగుళాలు, ఒళ్ళో పని 13 అంగుళాలు. నేను రెండూ ఒకటే అనుకుంటూ ఉన్నాను.

నిన్న ఆసుపత్రికి వెళ్ళి మీరు చెప్పినట్టే అడిగాను. చిన్న వయసు అమ్మాయి పరీక్ష చేసింది, ఎంతో ఓపిక. ముదురు ఆకుపచ్చ పట్టు ముక్క, అదే రంగు దారం సంచిలోంచి తీస్తే ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత తనే కుర్చీ కిటికీ దగ్గరికి జరిపింది. కుడి కంటికి ప్లస్ 2.25, ఎడమకు సాదా. పెట్టుకోగానే కొంచెం తేలినట్టు అనిపించింది, కాసేపటికి సర్దుకుంది. రెండు కళ్ళూ తెరిచి కుట్టాను. వరుస తిన్నగా వచ్చింది! ఒళ్ళో పనికి మాత్రం అది కొంచెం చాలదు. దానికి ఇంకో జత ఇప్పుడే ఎందుకు, గుడ్డ ఓ నాలుగంగుళాలు దూరంగా పట్టుకుని చేయండి, రెండో కన్ను అయ్యాక చూద్దాం అన్నది. షుగరు లేదు, మా అమ్మకు నీటికాసులు ఉండేవని చెప్పాను, కంటి ప్రెషర్ చూశారు, మామూలుగానే ఉంది. అబ్బాయిని వచ్చే వారం తీసుకెళ్తున్నాను.

కంటి వెలుగు ఫ్రేములోనే లెన్సులు వేయిస్తున్నాను. తమ్ముడూ, ఒక్కటి చెప్పు. షాపులో యాంటీ గ్లేర్ కోటింగ్ వేయించమంటున్నారు, మిషను పనికి అవసరమా? దీపం ఎటు పెట్టుకోవాలి?

కోఠి అద్దాలషాపు:

అక్కా, చాలా సంతోషం. కోటింగు ఉంటే మిషను లైటు అద్దం మీద తిరిగి మెరవదు, బాగుంటుంది. తప్పనిసరి కాదు. ఈ జత సంక్రాంతి దాకానే కాబట్టి సాదాది చాలు, ఆ డబ్బు ఫైనల్ జతకు ఉంచుకోండి.

దీపం మాత్రం ఇప్పుడే మార్చండి. తల వెనక ట్యూబులైటు ఉంటే మీ నీడే గుడ్డ మీద పడుతుంది. మెడ వంగే టేబుల్ లైటు ఎడమ వైపు, సూదికి పైన, బల్బు మీ కంటికి నేరుగా కనపడకుండా పెట్టుకోండి. నల్ల గుడ్డ కుట్టేటప్పుడు మిషను బల్ల మీద తెల్ల గుడ్డ పరిస్తే అంచు తేలిగ్గా తెలుస్తుంది.

లెన్సులు బిగించాక షాపులోనే చీటీతో పోల్చి చూపించమనండి, అద్దాల నంబరు కొలిచే మిషను మీద పెట్టి చూపిస్తారు. మీకు కుడి, ఎడమ తేడా కాబట్టి తారుమారు కాలేదని చూసుకుని తీసుకోండి.