తులసికోట మీద మొజాయిక్: వానకి ముక్కలు ఊడిపోతున్నాయి, మళ్లీ ఎలా వేయాలి?

పటమట పెరడు
నమస్తే అండీ. మాది విజయవాడ. ఇల్లు కట్టించినప్పుడు మిగిలిన టైల్స్ మెట్ల కింద పడున్నాయి. బాత్రూం గోడలకి వేసిన నీలం, పసుపు రంగువి కొన్ని, హాల్లో వేసిన విట్రిఫైడ్‌వి కొన్ని. వాటిని పగలగొట్టి పెరట్లో తులసికోటకీ, రెండు మట్టి కుండీలకీ మొజాయిక్ వేశాను. ఫెవికాల్‌తో అంటించి సందుల్లో వైట్ సిమెంట్ నింపాను. వానలు మొదలయ్యాక కుండీల మీద ముక్కలు చేత్తో తీస్తే వచ్చేస్తున్నాయి. కోటకి రోజూ నీళ్లు పోసే వైపు దాదాపు బోడి అయిపోయింది. మిగిలిన చోట వైట్ సిమెంట్ అంతా పసుపు మరకలు. మళ్లీ మొదటినుంచి వేద్దామనుకుంటున్నా, ఏం వాడాలో చెప్పండి.

ఇంకో సంగతి. మా వీధి పిల్లలు వేసవి సెలవుల్లో నేర్పమని అడుగుతున్నారు. 8 నుంచి 14 ఏళ్ల వాళ్లు. వాళ్లతో ఎలా మొదలుపెట్టాలి?

గచ్చుపని
అమ్మా, తేడా జిగురులో ఉంది. మామూలు ఫెవికాల్ చెక్కకి, ఇంటి లోపలి పనికి. ఎండినాక కూడా నీళ్లలో నానితే మెత్తబడుతుంది. బయట పనికి సంచుల్లో వచ్చే టైల్ అడెసివ్ తీసుకోండి, పాలిమర్ కలిపిందో లేదో సంచి మీద చూసుకోండి. విట్రిఫైడ్ ముక్కలకి అది తప్పనిసరి. ఆ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంట్ దాన్ని పట్టుకోదు. టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, బ్రష్‌తో కడిగేయండి. కోటకి పాత రంగు ఉంటే మొత్తం గీకి, ఉలితో గాట్లు పెట్టండి. రంగు మీద అంటిస్తే ముక్క రంగుతో సహా ఊడొస్తుంది.

గోదారి ముక్కలు
గచ్చుపని గారు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా వదలకండి. నేను రాజమండ్రిలో ఇంటి దగ్గరే మొజాయిక్ చేస్తాను, ఆడవాళ్లకీ పిల్లలకీ నేర్పుతాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

కుండీలతో గొడవ జిగురొక్కటే కాదండీ, మట్టిది కూడా. మట్టి కుండీ చెమరుస్తుంది. లోపల పోసిన నీళ్లు గోడలోంచి బయటికొస్తూ ఉప్పుని కూడా తెస్తాయి. బయట టైల్ ముక్క అడ్డం ఉంటే ఆ తడీ ఉప్పూ దాని వెనకే చేరి నెడతాయి. లోపలి గోడకి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేయండి, అడుగు కన్నం మాత్రం మూసుకుపోకూడదు. అంత ఓపిక లేకపోతే సిమెంటు కుండీలు కొనుక్కోండి. కడియం నర్సరీల వైపు వెళ్లినప్పుడు నేను చూసేది అవే.

తులసికోట కష్టం వేరు. నీళ్లు, పసుపు, కుంకుమ, దీపం నూనె, మసి అన్నీ దాని మీదే. వైట్ సిమెంట్ పసుపుని పీల్చేసుకుంటుంది, ఎంత తోమినా పోదు. దీపపు గూడు చుట్టూ, బొట్లు పెట్టే ముందు వైపు పెద్ద ముక్కలు వాడి సందులు తగ్గించండి. ఆ కాస్త మేర ఎపాక్సీ గ్రౌట్ నింపండి (గ్రౌట్ అంటే సందులు నింపే ముద్ద, ఎపాక్సీది రెండు భాగాలు కలిపి వాడే రెసిన్‌ది). ఖరీదే, పైగా తొందరగా బిగుసుకుంటుంది. చేతులకి గ్లవ్స్ వేసుకుని కొంచెం కొంచెం కలుపుకోవాలి. మిగతా కోటకి ముదురు బూడిద రంగు సిమెంట్ గ్రౌట్ చాలు. తెల్ల గ్రౌట్ మధ్య మీ నీలం, పసుపు పాలిపోయినట్టుంటాయి. బూడిద రంగు మధ్య అవే ముక్కలు నిండుగా కనబడతాయి. సందు రెండు మూడు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. ముక్కలు అంటించిన మర్నాటిదాకా గ్రౌట్ జోలికి పోవద్దు. గ్రౌట్ నింపాక తడి స్పాంజితో తుడిచి, రెండు మూడు రోజులు తడి ఆరనివ్వకుండా చూడండి. మరకల కోసం యాసిడ్ పోయమని ఎవరైనా చెప్తారు, పోయకండి. గ్రౌట్‌ని తినేస్తుంది.

బెజవాడ ఎండలో అడెసివ్ మీద గబగబా పొర కట్టేస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కూర్చోండి. జానెడు మేర రాసి, అది నిండాకే ఇంకో జానెడు. వేలితో ముట్టుకుంటే వేలికి అంటాలి. అంటకపోతే గీకి పారేసి కొత్తది రాయండి, నీళ్లు చిలకరించి సరిపెట్టకండి.

ఇక పిల్లలు. నేను వాళ్ల చేత ముందు పగలగొట్టించను. ముగ్గు వేయిస్తాను. మొజాయిక్‌కి ప్రాణం ముక్కల వరసలో ఉంటుందని నా గట్టి నమ్మకం. ఖాళీ కనబడ్డ చోటల్లా ముక్క దూర్చుకుంటూ పోతే ఎంత మంచి టైల్ వాడినా పెంకుల కుప్పలా ఉంటుంది. మన పిల్లల చేతికి గీత ఎలా నడుస్తుందో ముగ్గు వల్ల కొంత ముందే తెలుసు. మొదట తిన్నటి గీతల చుక్కల ముగ్గు, చదరపు ముక్కలతో. అది కుదిరాక మెలికల ముగ్గు.

మెలిక దగ్గరే అసలు పాఠం. ఒంపు తిరిగే చోట చదరపు ముక్కలు వరసగా పెడితే బయటి వైపు సందులు నోళ్లు తెరుస్తాయి. అక్కడ ముక్కని నిప్పర్‌తో, అంటే టైల్ కొరికే పటకారుతో, ఒక పక్క సన్నగా కొరికి, ఆ సన్న వైపు ఒంపు లోపలికి పెట్టాలి. అప్పుడు గీత దానంతటదే తిరుగుతుంది. నిప్పర్ మూతిని ముక్క మధ్యదాకా దూర్చకూడదు, అంచుకి కాస్త ఆనించి నొక్కితే చాలు, పగులు ఎదురు అంచుదాకా నడుస్తుంది. ముగ్గు గీత పూర్తయ్యాక దానికి ఆనుకుని రెండు పక్కలా ఒక్కో వరస నేల రంగు (ముగ్గు వెనకాల ఖాళీకి వాడే రంగు) ముక్కలు పేర్పించండి. ఆ తర్వాతే మిగతా నేల. ఈ ఒక్క వరసతో ముగ్గు పైకి లేచి కనబడుతుంది, పిల్లల ముఖాలు చూడాలి అప్పుడు.

నిప్పర్ 12 ఏళ్లు దాటిన వాళ్లకే ఇవ్వండి, మీరు పక్కనుండి. చిన్నవాళ్లకి మీరే కోసి, అంచులు సానరాయి మీద తడిపి రుద్ది, రంగుల వారీగా పాత ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో పోసివ్వండి. టైల్ పగలగొట్టేటప్పుడు గోనెసంచిలో చుట్టి కొట్టాలి, కళ్లకి రక్షణగా పెట్టుకునే అద్దాలు అందరికీ ఉండాలి. ఈ రెండిట్లో మినహాయింపు లేదు. మొదటి పని వేడి గిన్నె పెట్టుకునే పలకైతే మంచిది, త్వరగా అవుతుంది, ఇంట్లో రోజూ వాడతారు. బల్ల మీద ముగ్గు కాగితం, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు, ఆ పైన ఫైబర్ నెట్ పరిచి నెట్ మీదే అంటిస్తే, తర్వాత ఎత్తి ఎక్కడైనా బిగించుకోవచ్చు. మీ కోటకి కూడా ముందు వైపు పలక ఇలా చేసుకుంటే నడుం నొప్పి తప్పుతుంది.

ఫీజు తీసుకోండి, మొహమాటపడకండి. సామాను ఖర్చు విడిగా చెప్పండి.

మేడమీద మొక్కలు
హైదరాబాద్ నుంచి. టైల్స్ షాపులో పాత శాంపిల్ ముక్కలు అడగండి, మోడల్ ఆగిపోయినవి ఊరికే ఇచ్చేస్తారు. పిల్లల్ని తీసుకుని ఇటొస్తే చార్మినార్ దగ్గర్లోని బాదుషాహీ ఆశుర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) చూపించండి. 1611 నాటి రంగు టైల్స్ మొజాయిక్ గోడలు. ఒక్కో ముక్కనీ కావలసిన ఆకారానికి కోసి, ఆలంలూ (మొహర్రం జెండా గుర్తులు) లతలూ పేర్చారు. 1908 మూసీ వరదలో దెబ్బతిన్న కింది భాగానికి తర్వాత రంగులు వేశారు. పనికీ రంగుకీ తేడా పక్కపక్కనే తెలుస్తుంది. పగిలిన ముక్కలతో ఏం చేయొచ్చో చూడాలంటే చండీగఢ్ రాక్ గార్డెన్ ఫొటోలు. నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ పారేసిన టైల్స్, కప్పులు, గాజులతో కట్టుకుంటూ పోయిన తోట అది. 1976లో జనానికి తెరిచారు.

పటమట పెరడు
అందరికీ చాలా థాంక్స్ అండీ. కోట రంగు గీకించే పని రేపే మొదలుపెడతా. గోదారి ముక్కలు అక్కా, రెండు సందేహాలు. కోటకి అద్దం ముక్కలు పెట్టొచ్చా? గాజుల ముక్కలు కూడా పెడదామనుకుంటే మా అత్తయ్య తులసమ్మకి పగిలిన గాజులు వద్దంటున్నారు.

గోదారి ముక్కలు
అత్తయ్య గారి మాట వినండమ్మా. రోజూ దణ్ణం పెట్టుకునేది ఆవిడ, ఆవిడ మనసుకి ఇబ్బందిగా ఉండకూడదు. గాజుల ముక్కలు గేటు దగ్గర ఇంటి పేరు పలకకి దాచండి, అక్షరాల గీతకి చక్కగా కుదురుతాయి. అద్దం కోటకి వద్దు. తడికి వెనక పూత నల్లబడి మచ్చలొస్తాయి. వరండాలో వాన జల్లు తగలని గోడకైతే పెట్టుకోండి. కోట మీద మెరుపు కావాలంటే గాజు మొజాయిక్ టైల్ షీట్లు దొరుకుతాయి, ఒక్కటి కొంటే దీపపు గూడు చుట్టూ వరసకి సరిపోతుంది. వాటిని కోయడానికి చక్రాలున్న నిప్పర్ వేరే కావాలి, మామూలు దాంతో గాజు నుజ్జవుతుంది.