అప్‌డేట్: రాత్రి ఫోన్, పొద్దున బద్ధకం

నెల క్రితం ఇక్కడే అడిగాను: రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తున్నా, పొద్దున లేవలేకపోతున్నా, ఏం చేయమంటారని. చెప్పినవన్నీ చేయలేదు కానీ కొన్ని చేశాను.

అన్నిటికన్నా పనిచేసింది ఫోన్‌ని వంటింట్లో ఛార్జింగ్ పెట్టి, పడగ్గదిలో మామూలు అలారం గడియారం పెట్టుకోవడం. మొదటి మూడు రాత్రులూ చెయ్యి దానంతటదే దిండు కింద వెతికింది! ఇప్పుడు పదకొండున్నరకల్లా నిద్ర పడుతోంది.

సాయంత్రం కాఫీ మానేయమన్నారు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుందట. ఆరింటి కాఫీ మధ్యాహ్నం మూడింటికి జరిగింది, మానడం నా వల్ల కాలేదు.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి నాకు కుదరలేదు. పని ఊపందుకునేసరికి టైమర్ మోగేది, చిరాకొచ్చి వదిలేశాను.

రాగిజావ మాత్రం రోజూ తాగుతున్నా. మొదటిరోజు పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేసి ఉండలు చేశాను. అమ్మ ఫోన్లో నవ్వి, ముందు చన్నీళ్లలో కలుపుకోమంది. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే పదకొండింటి దాకా ఆకలి లేదు.

ఆదివారాలు మాత్రం ఇంకా తొమ్మిదికే లేస్తున్నా.