నర్సరీ ఇంటర్న్‌లకు కడియం టూరు: ఒక్క రోజా, పది రోజులా?

మొక్కలబడి:
హార్టికల్చర్ ఇంటర్న్‌లను జులైలో కడియం నర్సరీలున్న కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు తీసుకెళ్లాలి. ఒక రోజులో ఐదు నర్సరీలు చూపిస్తే రకరకాల పద్ధతులు తెలుస్తాయని నా వాదన. లేక ఒకే నర్సరీలో పది రోజులు ఉంచడం మేలా? మీరేమంటారు?

అంటుకత్తి:
ఐదు నర్సరీలు చూస్తే ఐదు గేట్లు గుర్తుంటాయండీ, అంతే. మామిడి మొవ్వ అంటునే (మంచి రకం కొమ్మను చిన్న మొక్క చీలికలో దించి అతికించడం) తీసుకోండి. అంటుపుల్ల (అతికించే కొమ్మ) ఆకులను కాడ ముక్క మిగిల్చి వారం పది రోజుల ముందే కత్తిరించాలి. ఆ కాడలు రాలి మొగ్గ ఉబ్బాకే కోత. 3-4 సెంటీమీటర్ల ఆప్పులా రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, వేరుమొక్క (కింద వేర్లిచ్చే మొక్క) చీలికలో దించి, కనీసం ఒక పక్కనైనా బెరడు అంచులు కలిపి గట్టిగా కట్టాలి, పైన పాలిథీన్ తొడుగు వేయాలి. చిగురు రావడానికి రెండు మూడు వారాలు. ఒక్క రోజు వెళ్లినవాడికి కనబడేది ఆ కట్టు ఒక్కటే. చిగురొచ్చాక తొడుగు తీయకపోతే ఎందుకు కుళ్లుతుంది, అతికాక కట్టు విప్పకపోతే కాండాన్ని ఎలా కోసేస్తుంది అన్నవి ఎప్పుడు చూస్తాడు?

నారుమడి:
సరే, కానీ పది రోజులు ఒకేచోట ఉంచితే ఎక్కువచోట్ల చేయించేది సంచుల్లో మట్టి నింపడమే! పోల్చి చూడటమూ చదువే. ఒకచోట ఒండ్రుమట్టి, ఇంకోచోట కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపిన మిశ్రమం. ఒకే సైజు సంచులు రెండింటిలో అర లీటరు చొప్పున నీళ్లు పోసి, కింద చుక్క పడటానికి ఎంతసేపో చూడమనండి. ఇంకోటి, అక్కడ అమ్మే మొక్కలన్నీ అక్కడ పెంచినవి కావు. సంచి తీసి చూస్తే వేరుముద్ద చుట్టూ ఒక మట్టి, పైన వేరే మట్టి ఉందా? చాలాసార్లు అది వేరేచోట నుంచి వచ్చి సంచి మారిన మొక్కే. ఈ చూపు ఒకే నర్సరీలో కూర్చుంటే రాదు.

మొక్కలబడి:
అయితే ఐదు కాదు, రెండు నర్సరీలు. ఇరవై రోజుల తేడాతో రెండుసార్లు. మొదటిసారి ఒక్కొక్కరు పది అంట్లు కట్టి, తేదీ, పేరు రాసిన చీటీ తగిలించాలి. రెండోసారి పచ్చగా ఉన్నవెన్ని, నల్లబడినవెన్నో లెక్క.

అంటుకత్తి:
ఆ లెక్కకు ఒప్పుకుంటా. బ్యాచ్ పదిమంది దాటకూడదు, అంటు బల్ల చుట్టూ అంతకుమించి నిలబడలేరు. లారీ లోడింగ్ వేళ అసలు వద్దు. ఒక నర్సరీ నుంచి రెండోదానికి వెళ్లేముందు చెప్పుల మట్టి కడగాలి, కత్తులు స్పిరిట్‌తో తుడవాలి. వేరుకుళ్లు శిలీంధ్రం బురదతో కూడా ప్రయాణిస్తుంది.