దేవ్‌మాలి శిఖరం, డుడుమ జలపాతం రెండూ ఒక్క వారాంతంలో కుదురుతాయా? (రాయగడ నుంచి కారులో)

డిసెంబర్‌లో కోరాపుట్ కొండలకి వెళ్దామనుకుంటున్నాం. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నలుగురు పెద్దవాళ్లు, సామాను.

శనివారం తెల్లారి 5కి బయల్దేరి, 326 జాతీయ రహదారి మీద లక్ష్మీపూర్ దాటి కోరాపుట్ (సుమారు 110 కి.మీ.). అక్కడ ట్యాంకు నింపుకుని సెమిలిగుడ వైపు నుంచి దేవ్‌మాలి. 1672 మీటర్లు, ఒడిశాలో ఇదే ఎత్తైన శిఖరం. రోడ్డు దాదాపు పైదాకా ఉంది కానీ చివరి ఎక్కుడు గురించే బెంగ. నిండు బండిని హాఫ్ క్లచ్ మీద (క్లచ్ పెడల్ సగం తొక్కి) లాగితే క్లచ్ ప్లేటు మాడుతుంది, వాసన వచ్చేసరికే ఆలస్యం. మలుపుల దగ్గర ఇద్దరిని దింపాల్సినంత నిటారుగా ఉంటుందా? దిగడానికి భయం లేదు: సెకండ్ గేరులో, బ్రేకు తొక్కిపట్టకుండా ఆగి ఆగి నొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవు. పొగమంచులో హైబీమ్ పనికిరాదు, ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది. అందుకే ఫాగ్ లైట్లు పెట్టించాం.

సూర్యోదయం చూడాలంటే రాత్రి సెమిలిగుడలో దిగడం మంచిదా, కోరాపుట్‌లోనా? చీకట్లో కొండెక్కనిస్తారా?

ఆదివారం లమతాపుట్ మీదుగా డుడుమ జలపాతం. చీకటి త్వరగా పడుతుంది కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరుగుముఖం పట్టాలి. ముంచంగిపుట్టు, అరకు మీదుగా దిగి విజయనగరం, పార్వతీపురం చుట్టి రమ్మంటున్నారు కొందరు. అది మరీ చుట్టు అని నా లెక్క. ఈమధ్య ఆ దారిన వెళ్లినవాళ్లుంటే, డుడుమ నుంచి ముంచంగిపుట్టు దాకా గోతులెలా ఉన్నాయో, పెట్రోల్ బంకు ఎక్కడుందో చెప్పండి.