పిల్లలకు ఆగడం నేర్పాలా, అడగగానే ఇచ్చేయాలా?

తెనాలి అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు. సైకిల్ కావాలన్నాడు. రోజూ ఇచ్చే పది రూపాయలు డిబ్బీలో వేసుకో, మిగతాది నేను కలుపుతాను, దసరాకి కొందాం అన్నాను. మావారు ఆ రాత్రే ఆన్‌లైన్‌లో బుక్ చేసేశారు. "మనం పడ్డ ఇబ్బంది వాడికెందుకు?" అంటారు. ఆగి కొనుక్కున్న వస్తువు మీదే మమకారం ఉంటుందని నా నమ్మకం. మీరేమంటారు?

వనపర్తి మాస్టారు:
మీదే ఒప్పు అమ్మా. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తానన్నాడు. ఎక్కువసేపు ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తేలింది. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిందీ ఇదే. శ్రేయస్సు (మేలు చేసేది), ప్రేయస్సు (అప్పటికి నచ్చేది) రెండూ మనిషి దగ్గరికొస్తాయి, వివేకం ఉన్నవాడు శ్రేయస్సును ఎంచుకుంటాడు.

కూలి తల్లి కొడుకు:
మాస్టారూ, ఆ పరీక్ష కథ అక్కడితో అయిపోలేదండీ. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఆ సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే కనిపించింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఇంకా చాలా తగ్గిపోయింది. 2013లో అచ్చయిన, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల పరీక్ష నాకు మరీ ముఖ్యం. 28 మంది పిల్లలకు మంచి రంగులు తెస్తామని ముందుగా మాటిచ్చారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి లేవన్నారు. ఆ తర్వాత మిఠాయి పెడితే, మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర మూడే నిమిషాలు.

మా అమ్మ కూలి డబ్బుల్లోంచి నెలనెలా చీటీ కట్టింది. మా వంతు వచ్చే నెలలో చీటీలాయన ఊరొదిలి పోయాడు. అప్పట్నుంచి చేతికి డబ్బొస్తే ఆ సాయంత్రమే బియ్యమో, మాకు బట్టలో కొనేసేది. దాచడం మానేసింది. ఆమెకు వివేకం లేదంటే నేను ఒప్పుకోను. ఆగితే దక్కుతుందన్న నమ్మకం ఆమెకు ఎవరు మిగిల్చారు?

వనపర్తి మాస్టారు:
బాబూ, మీ అమ్మగారి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అన్నీ ఉన్న ఇంట్లో అడగగానే ఇవ్వడం మాత్రం తప్పే అంటాను.

కోనసీమ రైతు:
దేశవాళీ కొబ్బరి కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఉత్త చేతులతో ఎవరూ కూర్చోరండి. మధ్యలో అరటి వేసుకుంటాం. బాబుకి కూడా దసరాలోపు చిన్న చిన్న సంతోషాలు ఉండనివ్వండి.

తెనాలి అమ్మ:
చీటీ గురించి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. డిబ్బీ ఇచ్చినప్పుడు మావాడు "నిజంగా కొంటావా అమ్మా?" అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. పోయిన వేసవిలో పరీక్షలయ్యాక సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తానని చెప్పి, తీసుకెళ్లలేదు. వాడు మర్చిపోలేదు. మావారితో మాట్లాడాను, సైకిల్ ఆర్డర్ రద్దు చేశాం. ఈ ఆదివారం ముందు సముద్రానికి వెళ్తున్నాం. డిబ్బీలో ఇప్పటికి నలభై రూపాయలున్నాయి.